లెక్కలో ఉన్నా పట్టింపులో లేని తల్లి

ఎన్నికలు సమీపించిన ప్రతిసారీ ముస్లింల జనాభా ఒక నిందగా ముందుకు వస్తుంది. దానికి సమాధానం ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో దేశంలో ఒక ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది సంతానం ఉండగా, 2019-21 నాటికి అది 2.4కు తగ్గింది. అదే కాలంలో హిందూ స్త్రీల సగటు 3.3 నుంచి 1.9కి చేరింది. తగ్గుదల మన సమాజంలోనే అధికం. కేరళలోని ముస్లిం స్త్రీ కంటే బిహారులోని హిందూ స్త్రీకి సగటు సంతానం ఎక్కువ. సంతాన సంఖ్యను నిర్ణయించేవి ఆడపిల్ల చదువు, కుటుంబ ఆదాయం, అందుబాటులోని వైద్యమే తప్ప మతం కాదు.

ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదని 1994లో మన రాష్ట్రం చట్టం చేసింది. 2024లో ఆ నిబంధనను తొలగించి, ఇప్పుడు ఎక్కువ మందిని కనమంటోంది. నిన్న వద్దన్నదీ, నేడు కావాలంటున్నదీ ప్రభుత్వమే. ఈ రెండు మాటల నడుమ తల్లి ఆరోగ్యాన్ని అడిగినవారెవరు?

ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో సుమారు 59 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారని 2019-21 సర్వే తెలిపింది. 20-24 ఏళ్ల యువతుల్లో 29 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. కుటుంబ నియంత్రణ భారమంతా స్త్రీల మీదే ఉంది. వివాహితల్లో దాదాపు 70 శాతం మంది శస్త్రచికిత్స చేయించుకోగా, పురుషులు ఒక్క శాతమైనా లేరు.

ఈ అంకెలు మనకు దూరమైనవి కావు. అంగళ్లు టమోటా మార్కెట్‌లో కాయలు ఏరే తల్లికి ఆసుపత్రికి వెళ్లడమంటే ఒకరోజు కూలి పోగొట్టుకోవడం. భర్త బెంగళూరులో పనికి పోయిన కుప్పం ఇల్లాలికి తోడు వచ్చేవారుండరు. పుంగనూరు పల్లెల్లోనూ ఇవే ఇబ్బందులు. హిందువైనా ముస్లిమైనా పేదరాలి కష్టం ఒక్కటే.

ప్రజారోగ్యం మన ప్రాంతానికి కొత్త కాదు. 1915లో మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో క్షయ చికిత్సాలయం వెలసింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది దేశంలో బీసీజీ టీకాలు తొలుత ఇచ్చిన చోట్లలో మదనపల్లె ఒకటి. అత్యవసర పరిస్థితి నాటి బలవంతపు ఆపరేషన్లు మాత్రం ప్రజల్లో భయాన్నే మిగిల్చాయి. ఆరోగ్యం నమ్మకంతో నిలుస్తుంది, నిర్బంధంతో కాదు.

కనుక ప్రభుత్వాన్ని మనం కోరవలసినవి స్పష్టం. కూలి స్త్రీలకు పని ముగిశాక సాయంకాలం రక్తపరీక్షలు జరపాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మహిళా వైద్యులుండాలి. ఉర్దూ మాట్లాడే తల్లులకు వారి భాషలోనే వివరించాలి.

మన బాధ్యత కూడా తక్కువది కాదు. పెళ్లికూతురి వయసు పత్రం చూడకుండా ఏ ఖాజీ నికాహ్ చదవరాదు. మస్జిద్ కమిటీలు జుమా ప్రసంగంలో తల్లి ఆరోగ్యానికి చోటివ్వాలి. దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో బిడ్డకు రెండేళ్ల పాలను పేర్కొంది. కాన్పుకూ కాన్పుకూ మధ్య తల్లికి విశ్రాంతినిచ్చే మేలు అందులో ఉంది. దాన్ని భర్తలకు వివరించాలి.

మన సంఖ్య గురించి ఎవరేమన్నా సర్వే లెక్కలే బదులిస్తాయి. మన తల్లుల ఆరోగ్యం గురించి అడిగితే బదులివ్వవలసింది మనమే.