ట్యాబ్ కొంటున్నారా?

పిల్లల చదువు కోసం ట్యాబ్ కొనాలనుకుంటున్నారా? ధర ఒక్కటే చూస్తే బోల్తా పడతారు! 2011లో కేంద్రం తెచ్చిన మొదటి 'ఆకాశ్'నే తీసుకోండి. చవకే. కానీ 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితేగానీ పలకని తెర. అదే 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకిచ్చిన శామ్‌సంగ్ ట్యాబ్‌లో 3 జీబీ ర్యామ్ ఉంది. పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు కాబట్టి నెట్ లేకున్నా నడుస్తాయి. కర్నూలు, కడప పల్లెల్లో సిగ్నల్ సరిగా అందని ఇళ్లకు కావలసిందదే. అందుకే మెమొరీ కార్డు పెట్టుకునే వీలుందా, బ్యాటరీ 5,000 ఎంఏహెచ్‌కి తగ్గకుండా ఉందా, దగ్గరి ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందా... ఈ మూడూ అడిగాకే డబ్బు తీయండి. శెనక్కాయలు అమ్మిన సొమ్ము మళ్లీ పంట పండితేగానీ రాదు మరి!