గడ్డిమందూ, ఆడవాళ్ళ నీళ్ళూ

చీరాల అంటే మనకు మగ్గాలు గుర్తొస్తాయి. నూలు వెనక పత్తిచేను, చేలో కలుపు తీసే స్త్రీ అంతగా గుర్తురారు. గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్ళలో పత్తికీ మిరపకీ కలుపు తీత ఆడకూలీల పని. గడ్డిమందు వచ్చాక మొదట పోయింది వాళ్ళ కూలే. ఆ మందు వాననీటితో కాలవల్లో, చెరువుల్లో కలిస్తే ఆ నీళ్ళు మోసేదీ, వాటితో వండేదీ మళ్ళీ వాళ్ళే. కాచినంత మాత్రాన గడ్డిమందు పోదు.

ఎండతో ఈ నీళ్ళను శుద్ధి చేయవచ్చని శాస్త్రజ్ఞులు అంటున్నారు. తెల్లరంగుల్లో వాడే టైటానియం డయాక్సైడు మీద అతినీలలోహిత కిరణాలు పడితే నీటిలో హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టి మందు అణువుల్ని విరగ్గొడతాయి. ఈ దారి తెరిచింది 1972లో జపాను శాస్త్రజ్ఞులు ఫుజిషిమా, హోండాలు ప్రచురించిన ప్రయోగం. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిశోధకులు 2008లో ఐసోప్రోట్యూరాన్ అనే గడ్డిమందును సూర్యకాంతితోనే విచ్ఛిన్నం చేయవచ్చని చూపారు. మంచి పనే, కాదనను.

అయితే ప్రయోగశాల నీళ్ళు వేరు, చెరువు నీళ్ళు వేరు. ఎండలో అతినీలలోహిత కాంతి దాదాపు ఐదు శాతమే. బురద ఆ కాంతిని అడ్డుకుంటుంది. నీటిలోని బైకార్బొనేట్లు రాడికల్స్‌ను మింగేస్తాయి. అట్రజిన్ అయితే పూర్తిగా విరగకుండా సయనూరిక్ ఆమ్లం దగ్గర ఆగిపోతుంది.

అసలు నీళ్ళలో ఏముందో చూస్తున్నదెవరు? 2012 నాటి భారత తాగునీటి ప్రమాణం అట్రజిన్‌కు లీటరుకు 2 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది. పత్తిచేలల్లో కొట్టే గ్లైఫోసేట్ పేరు ఆ పట్టికలో లేదు. దాని వాడకం మీద 2018లో రాష్ట్ర ప్రభుత్వం, 2022లో కేంద్రం ఆంక్షలు ప్రకటించాయి. నీళ్ళలో దాన్ని వెతకమని మాత్రం ఆ ప్రమాణం చెప్పలేదు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ ఊరికి ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పమంది. వాళ్ళ చేతికిచ్చే కిట్టు ఫ్లోరైడును, నైట్రేటును చూపిస్తుంది గాని గడ్డిమందును చూపించదు. పరీక్షించే బాధ్యత ఇచ్చి, తెలుసుకోవలసింది మాత్రం అందకుండా ఉంచితే అదేం సాధికారత?

శుద్ధి యంత్రాలు రావాలి. వాటికంటే ముందు, మందు కొట్టే కాలంలో ప్రతి ఊరి నీళ్ళనూ ప్రయోగశాలలో పరీక్షించి, ఫలితాన్ని పంచాయతీ గోడ మీద రాయాలి. శుద్ధి ఖర్చు మందు అమ్మి లాభపడినవాళ్ళు భరించాలి. లేకపోతే, ఏ మందు వల్ల కూలి పోయిందో ఆ మందు లేని నీళ్ళ కోసం ఆ కూలిమనిషే డబ్బు కట్టాల్సి వస్తుంది.