లెక్కకు భాష లేదన్న మాట ఎంతవరకు నిజం?

2019 జూన్‌లో మహారాష్ట్ర శాసనసభ వరకు వెళ్ళిన ఒక వివాదం పాఠకులలో కొందరికి గుర్తుండవచ్చు. రెండవ తరగతి గణిత పాఠ్యపుస్తకంలో సంఖ్యలను పలికే తీరులో ఆ రాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి ఒక మార్పు తెచ్చింది. మరాఠీలో ఇరవై ఒకటిని ‘ఏకవీస’ అంటారు. అంటే ఒకటి ముందు, ఇరవై వెనుక. కొత్త పుస్తకం ‘వీస ఏక’ అనే రూపాన్ని కూడా ప్రవేశపెట్టింది. భాషను పాడుచేస్తున్నారని పెద్ద దుమారం చెలరేగింది. వీస అంటే ఇరవై కనుక, ముఖ్యమంత్రి ఫడణవీస్‌ను ఇకపై ‘ఫడణ రెండు సున్నా’ అని పిలవాలా అని అజిత్ పవార్ సభలో చమత్కరించారు. గణిత సంఘానికి సారథ్యం వహించిన మంగళా నార్లికర్ చెప్పిన కారణం మాత్రం చాలా సాదాసీదా అయినది. చెవికి ఒకటి ముందు వినిపిస్తుండగా చేయి రెండును ముందు వ్రాయవలసి రావడం చిన్నపిల్లలకు భారమవుతున్నది. ఆ నవ్వుల మధ్య ఈ మాటను పట్టించుకున్నవారు తక్కువ.

ఈ సంగతి మనకెందుకని అనుకోరాదు. షోలాపూర్ చేనేత వాడలలోనూ, సిరోంచా ప్రాంతంలోనూ మరాఠీ బడికి వెళ్ళే తెలుగు పిల్లలు ఇంట్లో ‘ఇరవై ఒకటి’ అంటారు. తెలుగులో పదకొండు నుంచి పంతొమ్మిది వరకు కొంత తికమక ఉన్నా, ఇరవై దాటిన తరువాత దారి తిన్ననైనది. పలికిన వరుసలోనే అంకెలు వ్రాసుకుంటూ పోవచ్చును. అదే బిడ్డ బడిలో ‘ఏకోణతీస’ అనే మాట వింటుంది. ముప్పదికి ఒకటి తక్కువ, అనగా ఇరవై తొమ్మిది. పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాలలో ఒడియా బడికి వెళ్ళే బిడ్డకు ఇరవై తొమ్మిది ‘అణతిరిశ’, ఇరవై ఒకటి ‘ఏకోఇశ’. మరాఠీ, ఒడియా పిల్లలు ఈ మాటలను ఊయలలోనే విని ఉంటారు. మన బిడ్డ మొదటిసారి వినేది తరగతి గదిలోనే. అక్కడ ఆలస్యమైన ఆ రెండు క్షణాలకే ‘లెక్కల్లో మొద్దు’ అనే ముద్ర పడిపోతుంది.

దక్షిణాన ఇబ్బంది లేదనుకుంటే అదీ పొరపాటే. కన్నడ, తమిళ సంఖ్యలు మనవాటికి దగ్గరి చుట్టాలు. అందువల్లనే కొన్నిచోట్ల ఎక్కువ మోసం చేస్తాయి. తమిళంలో తొంభైని ‘తొణ్ణూఱు’ అంటారు, తొమ్మిది వందలను ‘తొళ్ళాయిరం’ అంటారు. మొదటిదానిలో నూరు, రెండవదానిలో వెయ్యి దాగి ఉన్నాయి. హోసూరు ప్రాంతపు తెలుగు బిడ్డ ‘తొణ్ణూఱు’ విని నూరు చుట్టూ తడుముకుంటే అది తెలివితక్కువతనం కాదు. తనకు తెలిసిన నూరును ఆ మాటలో గుర్తుపట్టడం చెవి చురుకుదనమే అవుతుంది.

సంఖ్యలతో అయిపోదు. వ్రాతలెక్కలలో ఫలితాన్ని నిర్ణయించేవి చిన్న చిన్న మాటలు. ‘రవి కంటే సీత దగ్గర 5 ఎక్కువ’ అన్నప్పుడు కూడాలో తీసివేయాలో చెప్పేది ఆ ‘కంటే’ అనే మాటే. కన్నడంలో అది ‘రవిగింత’ అనే పదానికి తోకగా ఉంటుంది, తమిళంలో ‘రవియై విడ’ అని వస్తుంది. ఆ తోకను పట్టుకోలేని బిడ్డ కనబడిన రెండు అంకెలనూ కూడేసి ఊరుకుంటుంది. ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో కొట్టివేసేది కూడికనే కాని, బిడ్డ తప్పినది కూడికలో కాదు. రెండు భాషలలో పాఠం చెప్పే నావంటివారికి ఇది నిత్యానుభవం. అదే ప్రశ్నను తెలుగులో నోటితో అడిగితే చాలాసార్లు సరియైన జవాబే వస్తుంది.

అయితే అన్నీ అడ్డంకులే కావు. ‘సరాసరి’ అనే మాట తెలుగు, కన్నడ, తమిళ, మరాఠీ బడులన్నిటిలోనూ చెల్లుతుంది. మన వడ్డీ కన్నడంలో బడ్డి, తమిళంలో వట్టి. ఇంట్లో వడ్డీ లెక్కలు వింటూ పెరిగిన బిడ్డకు ఆ పాఠం సగం తెలిసినట్లే. మరాఠీలో అది వ్యాజ్, ఒడియాలో సుధ అవుతుంది. అక్కడ ఎవరో ఒకరు వంతెన వేయాలి. ఆ ఎవరో ఎవరన్నదే ప్రశ్న.

గణితానికి భాష లేదనీ, అంకెలు అందరికీ ఒక్కటేననీ మన విద్యాశాఖలు, పండితులు కూడా చాలాకాలంగా నమ్ముతూ వచ్చారు. ఆ నమ్మకం వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. చరిత్ర పాఠం అర్థం కాకపోతే భాష రాదని సానుభూతి చూపుతారు. లెక్క తప్పితే మాత్రం బుర్ర లేదంటారు. కులం పేరుతోనో, కూలివాని బిడ్డ అనే చులకనతోనో ఇదివరకే తలవంచుకున్న బిడ్డ మీద ఈ తీర్పు మరింత గట్టిగా అంటుకుంటుంది.

ఈ తీర్పు ఎంత డొల్లదో 2025లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన చూపింది. నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ సంతలలో సరుకులమ్మే పిల్లలను పరిశీలించారు. బేరసారాలలో క్లిష్టమైన లెక్కలను నోటితోనే చకచకా తేల్చిన ఆ పిల్లలు, బడి పద్ధతిలో కాగితం మీద ఇచ్చిన అంతకంటే సులువైన లెక్కల వద్ద తడబడ్డారు. పని చేయని బడి పిల్లల సంగతి దీనికి తలక్రిందులు. కాగితపు లెక్క వచ్చినా సంత లెక్క వారికి రాలేదు. వారపు సంతలో తల్లి ప్రక్కన కూర్చుని టమాటాల చిల్లర లెక్కించే పిల్లలు మన ఊళ్ళలో కొల్లలు. వారికి ఉన్న లెక్కను బడి చూడడం లేదన్నమాట.

అమెరికాలో ఈ చర్చ జాతివివక్ష చుట్టూ నడిచింది. 1960లలో మిసిసిపీలో నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించడానికి పోరాడిన రాబర్ట్ మోసెస్, 1980లలో ‘ఆల్జీబ్రా ప్రాజెక్ట్’ అనే ఉద్యమాన్ని ఆరంభించారు. బీజగణితం రాని బిడ్డకు పై చదువు తలుపు మూసుకుపోతుంది కనుక అది ఓటుహక్కు వంటిదేనన్నది ఆయన వాదం. ఆయన పద్ధతి గమనార్హం. పిల్లలను రైలులో తిప్పి, ఆ ప్రయాణాన్ని మొదట బొమ్మగా గీయించి, తరువాత తమ ఇంటిమాటలో చెప్పించి, ఆ మాటలను క్రమంగా గణితపు మాటలుగా దిద్ది, చివరకు గుర్తులలోనికి తేవడం. ఇంటిమాట అక్కడ మెట్టు అయింది. దీనికి భిన్నంగా శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 2014లో సమానత్వం పేరిట ఎనిమిదవ తరగతి నుంచి బీజగణితాన్ని తీసివేసి తొమ్మిదికి జరిపింది. 2024 మార్చిలో అక్కడి ఓటర్లే దానిని తిరిగి పెట్టమని కోరారు. పాఠాన్ని క్రిందికి దించడం కంటే బిడ్డను పైకి చేర్చడం కష్టం. మోసెస్ ఎన్నుకున్నది ఆ కష్టమైన దారినే.

మన దేశంలో చట్టానికి కొరత లేదు. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించమని రాష్ట్రాలకు చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం కూడా సాధ్యమైనంతవరకు మాతృభాషే బోధనభాష కావాలన్నది. ‘సాధ్యమైనంతవరకు’ అన్న ఒక్క మాటలోనే ఎన్నో తప్పుకుంటున్నాయి. తమిళనాడు 2006లో చట్టం చేసి తమిళాన్ని ఒకటవ తరగతి నుంచి ఏటా ఒక తరగతి చొప్పున నిర్బంధం చేసింది. రాష్ట్రభాష నేర్వడం మంచిదే, బ్రతుకుతెరువుకు అవసరం కూడా. కాని దానిని నేర్చుకునే ఆ నాలుగైదేళ్ళలో బిడ్డ లెక్క ఏమైపోతున్నదన్న ప్రశ్న ఏ రాష్ట్రమూ వేసుకున్నట్లు కనబడదు.

ఇంతవరకు ఫిర్యాదు మనది. ఇక మన మీద ఉన్న ఫిర్యాదును కూడా వినాలి. ఆంధ్ర, ఒడిశా సరిహద్దుకు రెండువైపులా ఉన్న సవరలకు సొంత సంఖ్యాపద్ధతి ఉంది. వారు పన్నెండు వరకు లెక్కించి, పదమూడును ‘పన్నెండు ఒకటి’ అంటారు. ముప్పది మూడు వారికి ‘ఇరవై పన్నెండు ఒకటి’. డజన్లు, ఇరవైలు కలిసిన ఈ లెక్క మన పదుల లెక్కకు ఏమాత్రం తీసిపోదు. ఆ బిడ్డ తెలుగు బడిలో పదమూడు దగ్గర తడబడితే మనవాళ్ళు అనే మాటలు, మరాఠీ బడిలో మన బిడ్డను అనే మాటల కంటే మెత్తగా ఉండవు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు రామమూర్తి సవరభాష నేర్చి, ఆ పిల్లలకోసం బడులు, వాచకాలు కల్పించి, 1931లో ఆ భాషకు వ్యాకరణం ప్రకటించారు. ఆయన జన్మదినాన్ని తెలుగు భాషాదినంగా జరుపుకొనే మనం ఈ సగం కథను ఎందుకో తక్కువ తలుస్తాం. ఆంధ్రప్రదేశ్‌లో 2003-04 ప్రాంతంలో, ఒడిశాలో 2006-07లో గిరిజన భాషలలో ప్రాథమిక బోధన మొదలైంది. అట్టి బడులలో గణిత వాచకం బిడ్డ సొంత లెక్కతో ఆరంభమవుతున్నదా, లేక తెలుగు, ఒడియా లెక్కకు అనువాదం మాత్రమేనా అన్నది తల్లిదండ్రులు పుస్తకం తెరచి చూడవలసిన విషయం.

చేయగలిగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. నూరు వరకు సంఖ్యలనూ, ఏభై, అరవై గణిత పదాలనూ రెండు భాషలలో వ్రాసిన పటం తరగతి గోడకు ఉండవచ్చు. మొదటి మూడు తరగతులలో గణిత పరీక్షలో ఒక భాగం నోటిమాటగా, బిడ్డ భాషలో జరపవచ్చు. ఇంట్లో తాతయ్య, అమ్మమ్మ తెలుగులో లెక్కలు చెప్పడం బడి చదువుకు అడ్డమని కొందరు మాన్పిస్తున్నారు; అది మానరాదు. ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘంలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. వచ్చే సమావేశంలో ఒక్క ప్రశ్న అడిగి చూడండి: ప్రవేశ దరఖాస్తులో మాతృభాష అని వ్రాయించుకున్నారు గదా, లెక్కలు చెప్పే మాస్టారికి ఆ వివరం ఎవరైనా అందించారా?