గృహిణులకు కొన్ని మాటలు: విదేశపుఁ గోడలు, వివాహపత్రము

మన బిడ్డలు అన్యదేశీయులను బెండ్లాడుట నేఁడు వింత గాదు. నేనెఱిఁగిన యొక యింట జర్మనీ కోడలు అత్తగారి జబ్బు విని బయలుదేరఁ దలఁచెను. పెండ్లియై యైదేండ్లయ్యెను గాని గుడిలో నైన యా పెండ్లికి ఫోటోలు తప్ప కాగితమొక్కటియు లేదు. వీసా చేతికందునప్పటికి అత్తగారు లేరు.

భారతపౌరుల విదేశీభార్యకుఁ గాని భర్తకుఁ గాని ఓ.సి.ఐ. కార్డు దొరకును. అది యావజ్జీవము చెల్లును. మాటిమాటికి వీసా యక్కఱలేదు. ఓటు మాత్రము రాదు, సాగుభూమి కొనరాదు. అయితే వివాహము రిజిస్టరై, దరఖాస్తునకు ముందు రెండేండ్లు ఎడతెగక సాగియుండవలెను. పాకిస్తాను, బంగ్లాదేశ మూలములవారికి ఈ సౌకర్యము లేదు. విడాకులైనచోఁ గార్డు రద్దగును.

ఇంకొక చిక్కు. హిందూవరుఁడు క్రైస్తవకన్యను గుడిలోఁ బెండ్లాడినను 1955 నాటి హిందూవివాహచట్టమున నది చెల్లదు. 1954 నాటి ప్రత్యేకవివాహచట్టము క్రింద నోటీసిచ్చి 30 దినములు వేచియుండవలెను. లగ్నము కుదిరినవారు సెలవు చాలక దీనిని వాయిదా వేయుదురు, అక్కడనే మోసపోవుదురు.

పేళ్లనుగూడ సరిచూచుకొనుఁడు. మనకు ఇంటిపేరు ముందు, వారికి వెనుక. పాస్‌పోర్టునందొక తీరును, పత్రమునందొక తీరును ఉన్నచో గుమాస్తా దరఖాస్తును త్రిప్పి పంపును.