గతి తప్పుతున్న కడలి పంచాంగం

కేరళ తీరంలో నైరుతి రుతుపవనాల రాక పొలానికే కాదు, సముద్రానికీ సాగుకాలమే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వీచే గాలులు ఉపరితల జలాలను తీరం నుంచి దూరంగా నెడతాయి. ఆ స్థానంలోకి లోతుల్లోని చల్లని నీరు నైట్రేట్లు, ఫాస్ఫేట్లు, సిలికేట్లను మోసుకుంటూ పైకి వస్తుంది. వాటితో కంటికి కనిపించని వృక్ష ప్లవకాలు విస్తారంగా పెరుగుతాయి. మలయాళీలు మత్తి అని పిలిచే ఆయిల్ సార్డిన్ గుడ్లు పెట్టేదీ ఈ కాలంలోనే. పిల్ల చేపల మనుగడ ప్లవకాలపైనే ఆధారపడి ఉంటుంది.

కాబట్టి ప్లవకాలు ఎంత పెరిగాయన్నదే కాదు, ఎప్పుడు పెరిగాయన్నదీ ముఖ్యమే. కొన్ని వారాల తేడా వచ్చినా పిల్ల చేపలకు ఆకలి వేళకు మేత అందదు.

కేరళలో 2012లో దాదాపు 4 లక్షల టన్నుల మత్తి లభించింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అంచనాల ప్రకారం 2021లో అది 3,297 టన్నులకు పడిపోయింది. తర్వాత కొంత కోలుకున్నా నిలకడ లేదు. మితిమీరిన వేట, పిల్ల చేపలను పట్టడం కూడా ఇందుకు కారణాలే. నెపమంతా వాతావరణంపై మోపలేము. అయితే సముద్రం వేడెక్కడం ఆ నష్టాలను మరింత పెంచుతోంది. వేడెక్కిన పైనీరు తేలికై మూతలా పరుచుకుంటుంది. అడుగునున్న పోషకాలు పైకి రావడం కష్టమవుతుంది. పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఆరు దశాబ్దాల్లో వృక్ష ప్లవకాలు 20 శాతం వరకు తగ్గాయని పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2016లో వెల్లడించింది.

ప్రకృతి గడువులు మారుతున్నా మన నిబంధనల తేదీలు మారడం లేదు. కేంద్రం విధించే వేట నిషేధం పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జులై 31 వరకు, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలవుతోంది. చేపలు గుడ్లు పెట్టే కాలం జరిగిపోతే, వేటకు దూరమైన కుటుంబాల త్యాగానికి తగిన ఫలం దక్కదు.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఉపగ్రహాలు గుర్తించే నీటి రంగు, ఉష్ణోగ్రతల ఆధారంగా చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు చెబుతోంది. వేట ఎప్పుడు ఆపాలో నిర్ణయించడానికీ ఆ విజ్ఞానాన్ని వినియోగించాలి. కానీ ప్లవకాలు పెరిగే వర్షాకాలంలోనే మేఘాలు ఉపగ్రహ దృష్టికి అడ్డుపడతాయి. అందుకే తీరం పొడవునా ఏడాది పొడవునా నీటి నమూనాల సేకరణ తప్పనిసరి. నిషేధ తేదీలను ఆ ఫలితాలతో, మత్స్యకారుల అనుభవంతో ఎప్పటికప్పుడు సమీక్షించాలి.