బాగుచేసే ఇళ్లకు తలుపులున్నాయా?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో సంఘాల పని చేసేవాళ్లకు బాగా అలవాటైన మాట ఒకటుంది. “మా పిల్ల మాట ఇనల్యాదక్కా, యాడన్నా హాస్టల్లో ఏపీయండి, బుద్ధొస్తది.” ఈ మాట అనేది ఎక్కువగా తల్లులే. వాళ్లను నిందించి లాభం లేదు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల నుంచి కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణకు పత్తి ఏరడానికి వెళ్లి నెలల తరబడి అక్కడే ఉంటాయి. ఎదిగిన పిల్లను వెంట తీసుకుపోతే ఒక భయం, ముసలి అవ్వ దగ్గర వదిలిపోతే ఇంకో భయం. ఈ భయానికి మన సమాజం చూపించే దారులు రెండే: తొందరగా పెళ్లి చేసెయ్యడం, లేదా ఎవరి చేతిలోనైనా పెట్టడం.

ఆ ‘ఎవరి చేతిలోనైనా’ గురించే ఇక్కడ మాట్లాడదలచుకున్నాం. ఆశ్రమం, హోం, క్రమశిక్షణ నేర్పే హాస్టల్, మత్తు మాన్పించే కేంద్రం... పేరు ఏదైనా కావచ్చు. డబ్బు తీసుకునో, విరాళాల మీదనో ప్రైవేటు వ్యక్తులు పిల్లల్ని బాగుచేస్తామంటున్నప్పుడు, ఎవరి ఒప్పుదలతో చేస్తున్నారు? లోపల ఏం జరుగుతోందో చూసేదెవరు?

అసలు ‘చెడిపోవడం’ అంటే ఏమిటి? మగపిల్లవాడు చెడిపోయాడంటే తాగాడనో, దొంగతనం చేశాడనో అర్థం. ఆడపిల్ల చెడిపోయిందంటే ఫోన్లో మాట్లాడిందని, ఎవరినో ఇష్టపడిందని, తెచ్చిన సంబంధం వద్దన్నదని. పెళ్లి వద్దు, చదువుకుంటానని పట్టుబట్టిన ఆదోని ప్రాంతపు అమ్మాయి గురించి 2024లో పత్రికల్లో చదివాం. అధికారులు పెళ్లి ఆపి కస్తూర్బా విద్యాలయంలో చేర్చితే ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకుంది. పెళ్లి వద్దన్న రోజున లోకం లెక్కలో ఆమె కూడా మాట వినని పిల్లే కదా!

చట్టానిదీ చాలాకాలం ఇదే చూపు. 1986 నాటి బాలల న్యాయ చట్టంలో ‘అదుపులో లేని’ బాలల గురించి ప్రత్యేకంగా ఒక సెక్షన్ ఉండేది. నా బిడ్డ నా అదుపులో లేదని తండ్రి ఫిర్యాదు చేస్తే, విచారించి అబ్జర్వేషన్ హోంకు పంపవచ్చు. అదే చట్టం ప్రకారం అబ్బాయి 16 ఏళ్ల వరకే బాలుడు, అమ్మాయి మాత్రం 18 ఏళ్ల వరకు బాలిక. దీనికి రక్షణ అని పేరు పెట్టారు. రక్షణ ఎక్కడ ఆగి కాపలా ఎక్కడ మొదలవుతుందో ఆగ్రా రక్షణ గృహం విషయంలో దేశమంతా చూసింది. అక్కడి స్త్రీల దుస్థితి గురించి 1981లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్ సుప్రీంకోర్టుకు ఉత్తరం రాయవలసి వచ్చింది. 2000 చట్టం వయసులో తేడా తీసేసింది. 2015 చట్టం బిడ్డ అదుపు తప్పిందనడం మాని, బిడ్డను చూసుకోలేని తల్లిదండ్రుల గురించి మాట్లాడుతుంది. మన వీధుల్లో మాత్రం పాత భాషే నడుస్తోంది.

బీహార్‌లోని ముజఫర్‌పూర్ హోం కథ మనం మరచిపోకూడదు. దాన్ని నడిపింది ఒక స్వచ్ఛంద సంస్థ. నిధులు ప్రభుత్వానివి. తనిఖీ చేయాల్సిన అధికారులు, కమిటీలు కాగితం మీద అన్నీ ఉన్నాయి. అయినా లోపలి అత్యాచారాలు బయటపడింది టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం బయటి నుంచి వెళ్లి పిల్లలతో మాట్లాడాకే, 2018లో. 2020లో ఢిల్లీ కోర్టు దోషులుగా తేల్చిన 19 మందిలో నిర్వాహకుడితో పాటు బాలల సంక్షేమ కమిటీకి చెందినవాళ్లు, బాలల రక్షణ అధికారి, హోంలో పనిచేసిన ఆడవాళ్లు కూడా ఉన్నారు. ఆడవాళ్లు నడిపితే ఆడపిల్లలు క్షేమం అనుకునే మనవాళ్లు ఈ చివరి మాట ఇంకోసారి చదవాలి. అదే 2020 ఆగస్టులో మన పక్కనే, సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్‌లో ఒక ప్రైవేటు అనాథాశ్రమంలో ఉన్న 14 ఏళ్ల బాలిక లైంగిక దాడికి గురై చనిపోయింది.

ఇది బీదపిల్లల సమస్య మాత్రమే కాదు. అమెరికాలో మధ్యతరగతి తల్లిదండ్రులు వేల డాలర్లు కట్టి ‘దారి తప్పిన’ పిల్లల్ని అర్ధరాత్రి నిద్ర లేపి, కిరాయి మనుషులతో ఇటువంటి చోట్లకు పంపించారు. అక్కడ జరిగిన హింస గురించి వేల ఆరోపణలున్నాయని 2007లో ఆ దేశపు ప్రభుత్వ ఆడిట్ సంస్థే చెప్పింది. అలా వెళ్లొచ్చిన పిల్లలు పెద్దవాళ్లై నోరు విప్పాక గానీ, 2024 డిసెంబరులో గానీ దేశమంతటికీ ఒక చట్టం రాలేదు. అందులోనూ ఉన్నది చాలావరకు అధ్యయనమే.

తల్లిదండ్రుల సంతకం ఉంటే చాలు అనే వాదనను మేం ఒప్పుకోం. 2015 చట్టం ప్రకారం రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లల్ని ఉంచే ప్రతి సంస్థా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, రిజిస్టరు కావాలి. లేకుంటే ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. సంస్థలో పనిచేసేవాళ్లు పిల్లల్ని హింసిస్తే ఐదేళ్ల వరకు జైలు. పిల్లల్ని సంస్థలో పెట్టడం చిట్టచివరి మార్గమని, బిడ్డ అభిప్రాయం వినాలని కూడా అదే చట్టం చెబుతోంది. మానసిక చికిత్స పేరుతో చేర్చుకుంటే 2017 చట్టం వర్తిస్తుంది. వైద్యులు స్వయంగా పరీక్షించాలి, 72 గంటల్లో బోర్డుకు తెలపాలి. గొలుసులతో కట్టెయ్యడం నేరం.

మనలోనూ కొన్ని సంస్థలు హోములు నడుపుతున్నాయి. వాటిని కూడా ఇవే ప్రశ్నలు అడుగుదాం. పిల్ల ఇంటికి ఫోన్ చేసుకోగలదా, పక్కన ఎవరూ నిలబడకుండా? ఉత్తరాలు విప్పి చదువుతున్నారా? వెళ్లిపోతానంటే ఏమవుతుంది? ఫిర్యాదు చేస్తే అది చేరేది మళ్లీ వార్డెన్ దగ్గరికేనా? ప్రేమించి వెళ్లిపోయి దొరికిన అమ్మాయిని 18 నిండేదాకా హోంలో ఉంచమని పెద్దమనుషులు అడిగినప్పుడు మనం ఎవరి పక్షాన మాట్లాడుతున్నాం?

హోం వద్దంటే సుగ్గికి పోయే తల్లి బిడ్డను ఎక్కడ పెట్టాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా హక్కుల గురించి మాట్లాడడం తేలిక. వలస కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు సుగ్గి మొదలయ్యే ముందే తెరవాలి, సగం సీజన్ గడిచాక కాదు. ఇంటి దగ్గరే, బంధువుల దగ్గరే బిడ్డను ఉంచుకోవడానికి మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. దానికి దరఖాస్తులు నింపించడం సంఘాలు చేయగలిగిన పని. బాలల సంక్షేమ కమిటీ ముందుకు రావాలంటే ఆదోని నుంచి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు. కూలి పోగొట్టుకుని ఆ ప్రయాణం ఎంతమంది తల్లులు చేస్తారు? కమిటీ నెలకొకసారైనా ఆదోనిలో కూర్చోవాలని, జిల్లాలో రిజిస్టరైన సంస్థల జాబితాను ప్రతి సచివాలయంలో తెలుగులోనూ కన్నడంలోనూ అంటించాలని కలెక్టరును కోరుతూ సంఘాలన్నీ కలిసి అర్జీ ఇవ్వాలి. సంతకాల సేకరణ కోసిగి నుంచే మొదలుపెడదాం, కుటుంబాలు సుగ్గి బండ్లు ఎక్కకముందే.