పుణ్యస్థల కథలు: చిలుకూరు స్వామి

తిరుపతికి వత్తునని మ్రొక్కుకొని, అనారోగ్యముచేతనో ఇంటి బాధ్యతలచేతనో పోజాలక, ముడుపును పసుపుగుడ్డలో దాచియుంచిన తల్లులు మనలో నెందఱో కలరు. అట్టివారికై ఈ మాసమున చిలుకూరు కథను చెప్పదలచితిమి.

చిలుకూరు గ్రామము రంగారెడ్డి జిల్లా మొయినాబాదు మండలమున, ఉస్మాన్‌సాగరు చెఱువు చెంత నున్నది. అచ్చటి బాలాజీ కోవెలను గూర్చి పెద్దలు చెప్పు గాథ యిది. ఆ ప్రాంతపు భక్తుడొకడు ఏటేట తిరుపతికి పోయి స్వామిని సేవించి వచ్చెడివాడు. ఒక యేడు జబ్బుపడి, పోలేకపోతినే యని దుఃఖించుచుండగా, స్వామి కలలో కనుపించి, తాను దగ్గఱి యడవిలోనే యున్నానని పలికెను. భక్తుడు ఆ తావు చేరి పుట్టను త్రవ్వగా, గొడ్డలి వ్రేటు లోని విగ్రహమునకు గడ్డము క్రిందను ఱొమ్మునను తగిలి నెత్తురు పాఱెను. భయపడి నిలిచిన వానికి, పుట్టను ఆవుపాలతో తడుపుమని యొక పలుకు వినవచ్చెను. అట్లు చేయగా శ్రీదేవీ భూదేవీ సమేతుడై స్వామి వెలువడెను.

నేడును ఆ కోవెలలో హుండి లేదు; ధనవంతులకు వేఱు దర్శనమును లేదు. కోరిక గలవారు 11 ప్రదక్షిణములును, అది తీరినవారు 108 ప్రదక్షిణములును జేయుదురు. విదేశములకు పోగోరు పిల్లలు మ్రొక్కుకొనుటచే 'వీసా బాలాజీ' యను పేరును వచ్చినది. కదలలేనివానికై వచ్చిన స్వామిని దూరప్రయాణము ప్రసాదింపుమని వేడుచున్నాము! బిడ్డను సాగనంపి ఇంట మిగిలిన తల్లికిని ఆయనయే తోడు గదా.

దేవునికి గాయమైన కథ శ్రీరంగమునను గలదు. తిరుప్పాణాళ్వారు అంటరానివాడని యెంచబడి, కోవెలకు పోక, కావేరి యొడ్డున నిలిచి స్వామిని గానము చేయుచుండెడివాడు. నీటికై వచ్చిన లోకసారంగముని తొలగుమని కేకవేసెను. పాటలో మునిగిన యాళ్వారు వినలేదు. ముని ఱాయి విసరెను; ఆళ్వారునకు నెత్తురు కాఱెను. ముని కోవెలకు మరలి చూడగా, ఆ నెత్తురే రంగనాథుని నుదుట నుండెను! ఆళ్వారును భుజములపై మోసికొని రమ్మని స్వామి యానతిచ్చెను. అందుచేతనే యాయనకు మునివాహనుడను పేరు గలిగినది.

ఈ కథ పురాణముతోనే ముగియలేదు. 2018 ఏప్రిల్ మాసమున చిలుకూరు అర్చకులు శ్రీ సి.యస్. రంగరాజన్ గారు, హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి కోవెలలోనికి ఒక దళిత భక్తుని తమ భుజములపై మోసికొనిపోయిరి.

ఈ రెండు కథలను కలిపి చూచిన మాకు తోచిన దిది. రోగ మడ్డమైనచోట స్వామి తానే కదలి వచ్చెను. మనుష్యు లడ్డమైనచోట మాత్రము మనుష్యుని భుజమునే కోరెను. ఆ యడ్డమును పెట్టినవారే తీయవలెనని కాబోలు!

మనము కోవెలకు పోలేకపోయినను, మన గడప మనచేతనే యున్నది. ఏండ్ల తరబడి మన యంట్లు తోమి, మన వాకిటనే నిలిచి, వేఱుగా నుంచిన గ్లాసున నీళ్లు త్రాగు పనిమనిషిని తలచుకొందము. ఆమెను లోపలికి పిలిచి, మనము త్రాగు గ్లాసుననే నీళ్లిత్తము. పసుపుగుడ్డలోని ముడుపు ఇంకను దాగియున్నను, మ్రొక్కులో కొంత తీరినట్లే యని మా నమ్మకము.